చిలక కొట్టిన వేలు

చిలక కొట్టిన జామపండు మహా తియ్యగా ఉంటుందని చెప్పిన పెద్దలు, చిలక కొట్టిన వేలి గురించి మాత్రం ఒక్క ముక్కా చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ లోటు నేను పూడుస్తాను.

మా చిలక పేరు బంగారం. మన రామచిలకను పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు కాబట్టి, మా అబ్బాయి పోరు పడలేక సన్ కాన్యూర్ పిల్లను తెచ్చాం. వాళ్ల వంశానిది గయానా, ఉత్తర బ్రెజిల్ వైపు. పెద్దయ్యాక పసుపు, నారింజ రంగుల్లో ధగధగలాడుతుందట గానీ, ప్రస్తుతానికి ఈ బంగారం చాలావరకు ఆకుపచ్చే. ఇలాంటి విదేశీ పక్షుల్ని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలంటే అదీ చేయించాం. మా నలుగురి ఆధార్ కార్డుల్లో ఇంటిపేరు నాలుగు రకాలుగా ఉంది. కాగితాలు సక్రమంగా ఉన్న ప్రాణి ఇంట్లో ఇదొక్కటే.

"పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టిన పాపానికే రామదాసు గోల్కొండ చెరసాల పాలయ్యాట్ట. మనకెందుకురా?" అని అమ్మ ముందే హెచ్చరించింది. వచ్చే జన్మదాకా ఆగే ఓపిక బంగారానికి లేదు. చేతికందిన వేలిమీదే లెక్క తేల్చుకోసాగింది.

పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ నవ్వారు. "కోపం కాదండీ. చిలకకి ముక్కే మూడో కాలు. కొమ్మ ఎక్కేముందు గట్టిదో కాదో ముక్కుతో పట్టి చూసుకుంటుంది. పసిపిల్లలు అన్నీ నోట్లో పెట్టుకోరూ?"

పెట్టుకుంటారు. కానీ వాళ్లు పెట్టుకునేది వాళ్ల బొటనవేలు. ఇది పెట్టుకుంటున్నది నాది.

"మరి రోజురోజుకీ గట్టిగా కొరుకుతోందేమండీ?"

"కొరికినప్పుడు మీరేం చేస్తారు?"

నేను "అమ్మో!" అని గెంతుతాను. మా ఆవిడ అట్లకాడతో సహా వంటింట్లోంచి పరిగెత్తుకొస్తుంది. అమ్మ పసుపు డబ్బా తెస్తుంది. అబ్బాయి వీడియో తీస్తాడు. ఒక్క కొరుకే టిక్కెట్టు, కుటుంబమంతా నటవర్గం. దాని స్థానంలో నేనున్నా రోజుకు రెండాటలు ఆడించుకునేవాణ్ని.

డాక్టరు గారు మందు రాయలేదు, నియమాలు చెప్పారు. కొరికితే అరవకూడదు. ముక్కుమీద కొట్టకూడదు, మొహంమీద ఊదకూడదు. మెల్లగా దింపేసి, కాసేపు అటు తిరిగిపోవాలి. మర్యాదగా చేతిమీదికి ఎక్కితే ఓ పొద్దుతిరుగుడు గింజ పెట్టాలి. కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతున్నా, మెడమీద ఈకలు నిక్కపొడుచుకున్నా చెయ్యి దూరంగా ఉంచాలి. రాత్రి పది పన్నెండు గంటలు నిద్రపోనివ్వాలి.

నిద్ర సంగతి తేలిగ్గానే తేలింది. టీవీ సీరియళ్ల దగ్గర్నుంచి పంజరాన్ని అబ్బాయి గదిలోకి మార్చాం. గింజల సంగతీ తేలింది. తేలనిదల్లా ఆ మౌనమే. కూరలో ఉప్పు తగ్గితేనే పక్క ఫ్లాటుకు వినపడేలా చర్చించుకునే వంశం మాది. అలాంటిది, వేలు చిలక నోట్లో ఉండగా నోరు మూసుకోవడమా? పళ్లు బిగబట్టి, గోడమీది క్యాలెండర్లో వర్జ్యం, దుర్ముహూర్తం చదువుకుంటూ నిలబడేవాణ్ని. మా ఆవిడ చన్నీళ్ల కుళాయి కింద చెయ్యి పెట్టుకుని మరో దిక్కు చూసేది. అమ్మ మాత్రం పెదవి కదలకుండా రామనామం అనుకునేది.

ఆట రద్దయ్యాక ప్రేక్షకుడు ఎన్నాళ్లు కూర్చుంటాడు? బంగారం కొరుకుడు నొక్కుడైంది, నొక్కుడు చివరికి పలకరింపైంది. ఇల్లు ఎంత ప్రశాంతంగా మారిందంటే, మా ఇద్దరికీ మాటల్లేవేమోనని పక్కింటావిడ అమ్మను ఆరా తీసింది.

అప్పుడు తెనాలి నుంచి మా బాబాయి దిగాడు. "చిలకల్ని మచ్చిక చెయ్యడం నా దగ్గర నేర్చుకోవాల్రా" అంటూ, మేం వద్దు వద్దంటున్నా ఊచల మధ్యనుంచి వేలు దూర్చాడు. ఆయన పెట్టిన కేకకు కింద వాచ్‌మన్ పైకొచ్చాడు. అలవాటు చొప్పున మేం నలుగురం నోరు మెదపకుండా గోడవైపు తిరిగిపోయాం.

"నెత్తురు కారుతుంటే ఒక్కరంటే ఒక్కరు అయ్యో అనలేదు" అని బాబాయి చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. వాళ్లను సముదాయించే పని ఇంకా నడుస్తోంది. బంగారం మాత్రం ఆ ఆట మరిచిపోలేదు. ఇప్పుడు కాలింగ్ బెల్ మోగితే చాలు, ఊచల దగ్గరికి జరిగి మెడ చాచుకుని కూర్చుంటుంది. ఇంటికొచ్చే చుట్టాల కోసం మా ఇంట్లో ఇంతగా ఎదురుచూసేవాళ్లు ఇంకెవరూ లేరు.