కంప్యూటరు కొన్నామని వీధికి తెలియాలంటే

చప్పుడు చెయ్యని, చెడిపోని లినక్స్ డెస్క్‌టాప్ కావాలని అడిగేవాళ్లు కుప్పంలో కూడా బయల్దేరారు. వీళ్లకు లోకజ్ఞానం తక్కువ. అంత డబ్బు పోసి కొన్న వస్తువు నోరెత్తకుండా మూలన కూర్చుంటే పక్కింటివాళ్లకు ఎట్లా తెలుస్తుంది? బోరు మోటారు, మిక్సీ, గంగమ్మ జాతరలో మైకుసెట్టు, వీటిలో ఏదైనా నిశ్శబ్దంగా ఉండి పేరు తెచ్చుకుందా? ఇల్లదిరేలా మోగుతూ, వారానికోసారి మొరాయించే లినక్స్ మెషిన్ కావాలంటే ఏమేం కొనాలో కింద రాస్తున్నాను. ఓపిగ్గా చదివి పాటించండి.

మొదట, ఏ భాగం లినక్సుకు సరిపోతుందో ఇంట్లో కూర్చుని చూసుకోవడం మానెయ్యండి. పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో దిగి, నేరుగా కంప్యూటరు సామాన్లమ్మే ఎస్‌.పి. రోడ్డుకు వెళ్లండి. చెన్నై రిచీ స్ట్రీట్ అయినా మంచిదే. మూడు రాష్ట్రాల మూలన ఉన్న ఊరికి ఇదొక సౌకర్యం, మోసపోవడానికి భాష ఎంచుకోవచ్చు. షాపులో “ఇది లినక్సులో పనిచేస్తుందా?” అని అడగండి. “అన్నిట్లోనూ చేస్తాది నా” అంటాడు. పరిశోధన ముగిసింది. కొందరు మొండివాళ్లు పెన్‌డ్రైవులో లినక్సు ఎక్కించుకుని పోయి, డెమోకు పెట్టిన మెషిన్‌కు తగిలించి, వైఫై దొరుకుతోందా, సౌండు వస్తోందా, నిద్రపుచ్చితే మళ్లీ లేస్తోందా అని అక్కడికక్కడే చూసుకుంటారు. ఎదుటి మనిషి మాట నమ్మకపోవడం ఏం సంస్కారం?

గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. మీరు చేసేది తెలుగు టైపింగూ యూట్యూబూ మాత్రమే అయినా సరే. 65 వాట్ల ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ లోపలే ఉన్నవి దొరుకుతాయి. ఇంటెల్, ఏఎండీ రెండింటి డ్రైవర్లూ లినక్స్ కెర్నెల్లోనే ఉంటాయి, విడిగా ఏదీ వేసుకోనక్కర్లేదు, అదనంగా ఇంకో ఫ్యానూ ఉండదు. అలాంటివి వద్దనడానికి అంతకంటే కారణం కావాలా? 2012లో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా పేరెత్తి, కెమెరాకు మధ్యవేలు చూపించాడు. పదేళ్లకు, 2022లో, ఆ కంపెనీ తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సును బయటపెట్టింది. అయితే ఆ మేలు పాత కార్డులకు వర్తించదు గనుక మీరు సెకండ్‌హ్యాండులో ఏ 2016 నాటి కార్డో వెతకండి. కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ తెర వెలుగుతుందా లేదా అన్న ఉత్కంఠ మిగులుతుంది.

మదర్‌బోర్డు మాత్రం పోయిన వారం మార్కెట్లోకి వచ్చింది కొని, దాని మీద డెబియన్ స్టేబుల్ పాతది వెయ్యండి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది 6.1 కెర్నెల్. తన తర్వాత పుట్టిన చిప్పుల సంగతి దానికేం తెలుస్తుంది పాపం. వైఫైకి రోడ్డు పక్క గొలుసుకు వేలాడదీసి అమ్మే డాంగిల్ చాలు. అలాంటివి కొన్ని తగిలించగానే వైఫైగా కాక, విండోస్ డ్రైవర్లున్న సీడీగా ప్రత్యక్షమవుతాయి. అవతారాలు ఎత్తడం మనకు కొత్త కాదు గదా.

ఫ్యాన్ల దగ్గర ఏమరుపాటు పనికిరాదు, చప్పుడు పుట్టేది అక్కడే. 140 మిల్లీమీటర్ల ఫ్యాను నెమ్మదిగా తిరిగి తోలే గాలిని 80 మిల్లీమీటర్లది తోలాలంటే వెర్రెత్తినట్టు తిరగాలి. కాబట్టి చిన్నవే తీసుకోండి. వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుందని ఇంజినీర్ల లెక్క, 10 తగ్గితేనే చెవికి సగమైనట్టు ఉంటుంది. అదే ఫ్యాను ఇంకొకటి చేరిస్తే పెరిగేది మాత్రం 3 డెసిబెళ్లే. అంటే పెద్దవి రెండు పెట్టి మెల్లగా తిప్పారో, గదిలో కంప్యూటరుందన్న సంగతే మర్చిపోతారు. బయాస్‌లోకి వెళ్లి ఫ్యాను వేగం తగ్గించుకోవచ్చన్న మాట కూడా ఎవరితోనూ అనకండి. లినక్సు ఫ్యాను చిప్పును గుర్తుపట్టినా పట్టకపోయినా అది పనిచేస్తుంది, అదే దానితో చిక్కు.

కేబినెట్టుకు ముందువైపు అద్దం ఉండాలి, గాలి దూరడానికి సందు ఉండకూడదు. జాలీ ఫిల్టరు వద్దు, దాన్ని అప్పుడప్పుడూ దులపాలి. ఫిల్టరు లేకపోతే దుమ్ము నేరుగా హీట్‌సింకు రెక్కల మధ్య స్థిరపడుతుంది, ప్రాసెసరు వేడెక్కుతుంది, ఫ్యాన్లు గొంతెత్తుతాయి. తిరుపతిలో అయితే ఈ సాయం ఎండలే చేసిపెడతాయి. కుప్పం పీఠభూమి మీదుంది, గాలి చల్లన. మనం గ్రానైట్ దుమ్మునే నమ్ముకోవాలి.

డిస్కు విషయంలో ఎస్‌ఎస్‌డీ వద్దు, దానిలో తిరిగేదేదీ లేదు. హార్డ్ డిస్కయితే రాత్రిపూట కరకరలాడుతూ తోడుంటుంది. ర్యామ్ కొన్నాక రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి చూసుకునేవాళ్లతో స్నేహం మానుకోండి.

ఇక అసలు సంగతి, కరెంటు. కేబినెట్టుతో ఉచితంగా వచ్చే పవర్ సప్లైనే వాడండి. స్టిక్కరు మీద 500 వాట్లని ఉంటుంది, చేతికి ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా తగులుతుంది. మంచి పవర్ సప్లైలు కొన్ని, పని తక్కువున్నప్పుడు తమ ఫ్యానే ఆపేసుకుంటాయి. అలాంటివాటి మొహం చూడొద్దు. పొరపాటున మంచిది కొన్నా చవక యూపీఎస్‌తో సరిచెయ్యొచ్చు. చవకవి బ్యాటరీ మీద ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే తరంగం. మంచి పవర్ సప్లైలలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్లు కొన్నిటికి అది పడదు. కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యిమని అరిచి, కంప్యూటరును వెంటబెట్టుకుని ఆరిపోతుంది.

ఎర్తింగు ఊసెత్తకండి. గోడకు మూడు కన్నాల సాకెట్టు ఉందిగా, మూడోదాని వెనక వైరుందో లేదో ఎవరు చూడొచ్చారు? పవర్ సప్లై లోపల కరెంటులోని రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్త్ వైరు ఉంటే వాటినుంచి వచ్చే కొద్దిపాటి లీకు నేలలోకి పోతుంది. లేకపోతే పెట్టె మొత్తం సరఫరా వోల్టేజీలో సగం దాకా, అంటే 115 వోల్టుల దగ్గర ఎక్కి కూర్చుంటుంది. ఆ లీకు చాలా తక్కువ గనుక వట్టికాళ్లతో ముట్టుకుంటే జివ్వుమని ఊరుకుంటుంది. మానిటరు వైరు తగిలిస్తుంటే పోర్టు మాడినా మాడొచ్చు. మనది రాతినేల, కడ్డీ ఒకటి దిగ్గొడితే సరిపోదు. గుంత తవ్వి, ఉప్పూ బొగ్గులూ పొరలుగా వేసి, ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి. “పెద్ద ఖర్చేం కాదు సార్, ఒక పూట పని” అని ఎలక్ట్రీషియన్ అంటే మళ్లీ అతన్ని పిలవకండి. ఆ డబ్బుతో రంగు లైట్ల ఫ్యాన్లు వస్తాయి.

చప్పుడు లేకుండా పనిచేసే సామాను విషయంలో కుప్పానికి ఒక చెడ్డ చరిత్ర ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇక్కడ ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టాయి. దానిలో భాగంగా పొదుపు సంఘాల ఆడవాళ్లు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటికి కరెంటిచ్చే సోలార్ పలక సంచిలో వేసుకుని ఊళ్లు తిరిగారు. ఫోటో తీసి అక్కడే ప్రింటు చేతిలో పెట్టి డబ్బులు సంపాదించారు. కరెంటు ఉండదని ముందే ఒప్పేసుకుని చేసిన సామాను అది. దానిలో లైట్లూ లేవు, చప్పుడూ లేదు, అద్దమూ లేదు. ఫోటోలు మాత్రం వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటాక కూడా మనం అదే దారి పట్టాలా?

చివరగా బిల్లు. పక్కా బిల్లయితే 18 శాతం జీఎస్టీ పడుతుంది, దానిమీద సీరియల్ నంబరు కూడా రాస్తారు. అంత అవసరమా? తెల్ల కాగితం మీద బాల్‌పెన్నుతో రాయించుకోండి. పవర్ సప్లై కాలిపోయిన రోజు దాన్ని సంచిలో పెట్టుకుని మళ్లీ రైలెక్కి, అదే షాపు ముందు నిలబడి, ఆ కాగితం తీసి చూపించండి. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా చెబుతాడు:

“ఇది బిల్లు కాదు నా, ఎస్టిమేటు.”