సోమలింగానికి ఐసీ50

లక్ష్మణ ఫలం కీమోథెరపీ కంటే 10,000 రెట్లు బలమైనదట. ఈ మెసేజీ రాని ఫ్యామిలీ గ్రూపు తెలుగునాట ఎక్కడైనా ఉంటే శాలువా కప్పాలి. అంకె గాలిలోంచి పుట్టలేదు సుమా! ఆ చెట్టు గింజల్లోంచి తీసిన ఒక రసాయనం పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద అడ్రియామైసిన్ అనే కీమో మందు కంటే అన్ని రెట్లు పదునుగా పనిచేసిందని 1996లో అచ్చయింది. ఎక్కడ పనిచేసింది? ప్రయోగశాల పాత్రలో. మనవాళ్ళు తినేది గుజ్జు, కాచి తాగేది ఆకు, నయం కావాల్సింది మనిషికి. ఆ చెట్టులోనే ఉండే అనోనాసిన్ నాడీకణాలను కూడా అంతే శ్రద్ధగా చంపుతుందన్న సంగతి మాత్రం ఫార్వర్డ్ కాలేదు.

మెసేజీలను తిట్టి ఏం లాభం? సరుకు తయారయ్యేది విశ్వవిద్యాలయాల్లో. క్యాంపస్ గోడ పక్కన దొరికిన ఆకు కోస్తారు. నీడన ఎండబెట్టి, పొడికొట్టి, మిథనాల్‌లో సారం దింపుతారు. 96 గుంటల ప్లేటులో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఆ సారం పోసి, ఒకటి రెండు రోజులాగి ఎంటీటీ అనే పసుప్పచ్చని రంగు కలుపుతారు. బతికున్న కణం ఆ పసుపును ఊదాగా మారుస్తుంది, చచ్చింది మార్చదు. సగం కణాలు పోవడానికి పట్టిన మోతాదే ఐసీ50. ముడి సారానికి అది మిల్లీలీటరుకు 20-30 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోనక్కర్లేదన్నది పాత లెక్క. మనవాళ్ళకు 250 వచ్చినా సరే, పక్కనే “గణనీయమైన క్యాన్సర్ నిరోధక శక్తి” అని పడుతుంది. మామూలు కణాల మీద కూడా చూశారా అని వైవాలో ఎవరైనా అడిగితే, “బడ్జెట్ లేదు సార్.” ఈ పద్ధతిన బ్లీచింగ్ పౌడరుకు ఎప్పుడో డాక్టరేట్ రావాల్సింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇక్కడ ఆ సోమలింగానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా!

“మరి బిళ్ళ గన్నేరో?” అంటారు. నిజమే, విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు దాని చలవే. కానీ ఆ కథ పూర్తిగా వినాలి. 1950ల్లో కెనడాలో ఆ ఆకును చక్కెర వ్యాధికని పరీక్షించారు. ఎలుకల చేత మింగిస్తే చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే తెల్లకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్లతో ఎలుకలే పోయాయి. ఎందుకు పోయాయా అని తవ్వితే మందు దొరికింది. కషాయం కాచుకునేవారు “మింగిస్తే” దగ్గర కాసేపు ఆగాలని మనవి. పసిఫిక్ యూ చెట్టు బెరడు 1962లో ఒలిచారు. అందులోంచి వచ్చిన క్యాన్సర్ మందు టాక్సాల్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 1992లో. 1960-82 మధ్య అక్కడి నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వడపోసిన మొక్కల సారాలు 1,14,000 వరకూ ఉంటాయి. వాటిలో ఆసుపత్రి గడప తొక్కినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

30 ఏళ్ళు ఎవరు కూర్చుంటారు? ఫెలోషిప్ అంతదాకా రాదు. అందుకే చివరి పేజీలో “మరిన్ని పరిశోధనలు అవసరం” అని రాసి థీసిస్‌ను బైండింగుకిస్తారు. తర్వాత చేరిన విద్యార్థి ఆ మరిన్ని పరిశోధనలు చేస్తాడు, పక్క చెట్టు మీద.