తూనీగకు పూలకుండీ లంచం

ఈ మధ్య మన వైపు కొత్త మొక్కుబడి ఒకటి మొదలైంది. పలాస, కాశీబుగ్గల్లో కొత్తగా డాబా కట్టిన ఏ ఇంటికైనా వెళ్లండి. పెరట్లో పిడికెడు మట్టి కనపడదు, గోడ నుంచి గోడదాకా టైల్సే. ఆ టైల్స్ మీద వరసగా కుండీలు: బంతి, చామంతి, పేరు తెలియని ఊదారంగు పువ్వు ఒకటి. "ఏటండీ ఇన్ని కొన్నారు?" అంటే, "తూనీగలొస్తాయంటండి. అవొస్తే దోమలుండవంట" అంటారు. నర్సరీ కుర్రాడు చెప్పాడట, ఫోన్‌లో వీడియో కూడా చూపించాడట.

అసలు తూనీగకు పువ్వుతో పనేమిటి? అది తేనె తాగదు, పుప్పొడి తినదు, ఆకు కొరకదు. పుట్టుకతోనే మాంసాహారి. దోమనూ ఈగనూ ఎగురుతూనే పట్టి ఎగురుతూనే నమిలేస్తుంది. పట్టబోయిన పదింటిలో తొమ్మిదికి పైగా దానికి దొరుకుతాయని కొలిచినవాళ్లు చెప్పారు. పులికి కూడా అంత అదృష్టం లేదు. అలాంటిదాన్ని బంతిపువ్వు చూపించి పిలవడమంటే, వేటకూర తినొచ్చని వచ్చిన వియ్యంకుడికి విస్తట్లో పూలదండ వడ్డించడమే.

పూలకు పురుగులొస్తాయి, పురుగుల కోసం తూనీగలొస్తాయి కదా అని వాదించే తెలివైనవాళ్లూ ఉన్నారు. వస్తాయి, కాదనను. భోంచేసి వెళ్లిపోతాయి. కాపురం మాత్రం పెట్టవు.

కాపురం నీళ్లలో. రెక్కలతో మనకు కనపడేది తూనీగ బతుకులో చివరి వారాలే. అంతకుముందు కొన్ని వారాలో నెలలో, కొన్ని జాతుల్లో ఏళ్లో, అది చెరువు అడుగున బురదరంగులో పాకే పురుగు. కింది పెదవిని మడిచి మొహానికి ముసుగేసుకుని కదలకుండా కూర్చుంటుంది. దోమపిల్ల దగ్గరకొచ్చిందా, ఆ పెదవే చటుక్కున ముందుకు సాగి కొక్కేలతో పట్టి నోటికి అందిస్తుంది. నీళ్లు లోపలికి లాగి ఊపిరి పీల్చేది వెనకవైపు నుంచి. ఎవరైనా తరిమితే ఆ నీళ్లనే వెనక్కి చిమ్మి రాకెట్‌లా దూసుకుపోతుంది. దోమల మీద అసలు యుద్ధం జరిగేది అక్కడ, మీ డాబా మీద కాదు. రోజులు నిండాక తుంగ కాడనో జమ్ము కాడనో పట్టుకుని నీళ్లలోంచి పైకి పాకుతుంది. వీపు పగులుతుంది, తూనీగ బయటికొస్తుంది, పెంకు కాడకే వేలాడుతుంది. కొన్ని జాతుల ఆడవి ఆ కాడనే చీల్చి లోపల గుడ్లు పెడతాయి. మొక్కతో తూనీగకున్న చుట్టరికం ఇంతే. తుంగ, జమ్ము, కలువ, తామర. నర్సరీలో తుంగ అడిగి చూడండి, మీ వంక ఎలా చూస్తారో.

ఈ మొక్కలు ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే చోటు మనకుంది. దాని పేరు సోంపేట బీల. చేపలకూ, సాగునీటికీ, పశువుల మేతకూ చుట్టుపక్కల ఊళ్లు నమ్ముకున్న నీటి నేల. సర్కారు కాగితాల్లో దాన్ని బంజరు చేసి 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రానికి రాసిచ్చారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి "ఇది బంజరు" అనడానికి ఎంత చదువు కావాలో నాకు తెలీదు. దాన్ని అడ్డుకున్న ఊళ్లవాళ్ల మీద 2010 జూలై 14న పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టేసింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి దగ్గర కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలలో మళ్లీ థర్మల్ కేంద్రం, మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. తూనీగల మొక్కలు కాపాడిన మనుషులెవరని ఎవరైనా అడిగితే ఆ ఊళ్ల పేర్లు చెప్పాలి. వాళ్లు తూనీగల కోసం చెయ్యలేదు, బువ్వ కోసం చేశారు. అందుకే గట్టిగా నిలబడ్డారు.

టెక్కలి మండలంలోనే తేలినీలాపురం ఉంది. ఏటా పెలికాన్లూ పెయింటెడ్ స్టార్కులూ వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. అందరం సైబీరియా పక్షులంటాం, ఆ పెలికాన్ మన దక్షిణాసియాదే అయినా సరే. పెలికాన్‌ను ఆకర్షించే మొక్క ఫలానా అని ఆ ఊళ్లో ఎవరూ అమ్మలేదు. నౌపడా వైపు చిత్తడి నేలల్లో చేప ఉంది, చేప కోసం పక్షి వచ్చింది. ఈ లెక్క ఆ ఊరి గుంటడికి కూడా తెలుసు.

వానాకాలం చివర వరిచేల మీద గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగ సంగతి చూడండి. దాన్ని గ్లోబ్ స్కిమ్మర్ అంటారు. వాన నీటి గుంటలో ఆరేడు వారాల్లో పెరిగి రెక్కలు కట్టేస్తుంది. మాల్దీవుల్లో నిలవ నీరే అరుదు, అయినా ఏటా అక్టోబరులో లక్షల తూనీగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయా అని అక్కడుండే జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ ఏళ్లపాటు గమనించి, అవి భారతదేశం నుంచి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా పోతున్నాయని 2009లో రాశాడు. హిందూ మహాసముద్రం దాటే జీవికి మీ బాల్కనీలో చామంతి ఒక మజిలీ అవుతుందని నమ్మకం!

ఇంతా విని కూడా తూనీగ ఇంటికి రావాల్సిందే అనేవాళ్లకు నా దగ్గర ఉపాయముంది. హంగరీ శాస్త్రవేత్తలు 2007లో ఒక విషయం అచ్చేశారు. శ్మశానంలో మెరుగు పెట్టిన నల్లరాతి పలకల దగ్గరికి తూనీగలు నీళ్లనుకుని చేరాయి. నునుపైన నల్లరాయి వెలుతురును నీటి మాదిరే పోలరైజ్ చేసి వెనక్కి పంపుతుంది మరి. టెక్కలిలో గ్రానైట్‌కు కొదవా? నల్లటి పలక ఒకటి నిగనిగలాడేలా మెరుగు పెట్టించి డాబా మీద పరవండి. కుండీల కంటే నయం, నీళ్లు పొయ్యక్కర్లేదు. అక్కడ గుడ్లు పెడితే ఎండలో మాడిపోతాయి. పోనీలెండి, ఫొటోకు అడ్డం రావు.

పురపాలక పెద్దలకు పలకతో సరిపోదు, వాళ్లకు చెరువే కావాలి. చెరువు సుందరీకరణ అంటే ఏమిటో మనకు తెలుసు. ముందు ప్రొక్లైనర్ వచ్చి తుంగనూ జమ్మునూ వేళ్లతో సహా పీకేస్తుంది. గట్లకు సిమెంటు, చుట్టూ నడకదారి, రంగు లైట్లు, ఇంగ్లీషులో ఊరి పేరు, పక్కన ఎర్రటి గుండె బొమ్మ. తర్వాత దోమలు పెరుగుతాయి. దోమలకు ఫాగింగ్ యంత్రం, ఆపైన గంబూసియా చేపలు. ఆ చేప దోమపిల్లతోపాటు చిన్న తూనీగ పిల్లనూ మింగుతుంది. ఆఖరున గట్టు మీద "తూనీగలను ఆకర్షించే మొక్కలు" అని బోర్డు పెట్టి పూలకుండీలు. ఒక పక్క గట్టును సిమెంటు చెయ్యకుండా, తుంగ పీకకుండా వదిలేస్తే ఈ ఖర్చులో సగం తప్పుతుంది. కానీ పీకని తుంగకు ఎంబుక్ (పనుల కొలతల పుస్తకం) రాయడం, వదిలేసిన గట్టుకు బిల్లు పెట్టడం ఇంకా ఏ కాంట్రాక్టరుకూ చేతకాలేదు.