ఊగే పంటికి చాయ్ బండి వైద్యం

సూరత్‌లోని ఖటోదరాలో సాంచాల (మరమగ్గాల) మీద బతికే మనవాళ్లకు పన్ను ఊగిందంటే చాయ్ బండి దగ్గరే వైద్యం మొదలవుతుంది. "ఆ పంటి పక్కన కొంచెం మావా పెట్టుకో అన్నా, రక్తం ఆగుతుంది" అంటారు. అన్నిట్లోకీ చెడ్డ సలహా ఇదే, ఎందుకంటే రక్తం నిజంగానే తగ్గుతుంది. మావాలో ఉండే పొగాకులోని నికోటిన్ చిగురులోని సన్నని రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. బ్రష్ చేస్తే రక్తం రాదు కాబట్టి జబ్బు పోయిందనుకుంటాం. కింద పంటిని పట్టుకున్న ఎముక మాత్రం తరుగుతూనే ఉంటుంది. గుజరాత్‌లో 2012లో గుట్కాను నిషేధించారు. వక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపిన మావా కూడా గుట్కా చేసే చెరుపే చేస్తుంది. పళ్లపొడిలో పొగాకు కలపడాన్ని దేశమంతటా 1992లోనే నిషేధించారు. అయినా పొగాకు పొడితో పళ్లు తోముకునేవాళ్లు ఉన్నారు.

"గార తీయించకు, ఉన్న పళ్లు వదులైపోతాయి" అనేది ఇంకో మాట. ఆ పళ్లు అప్పటికే వదులై ఉంటాయి. వాటి మధ్య పేరుకున్న గారే వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. అది పోయి, చిగురు వాపు తీసేసరికి సందులు బయటపడతాయి, కదలిక తెలుస్తుంది. గార ఉన్నన్నాళ్లూ ఎముక కరుగుతుంది కనుక దాన్ని తీయించాల్సిందే.

దారం కట్టి లాగకండి. పెద్దవాళ్ల పంటి కింద మరో పన్ను లేదు. వేరు విరిగి లోపలే ఉండిపోవచ్చు. ఫెవిక్విక్, నొప్పిమాత్ర పొడి పెడితే చిగురు కాలుతుంది.

డాక్టర్‌ను కలిసేదాకా రెండో పక్క నమలండి, ఖిచిడీ, పెరుగన్నం తినండి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించండి. మెత్తటి బ్రష్‌తో ఆ పంటిని కూడా తోమండి. నాలుకతో దాన్ని కదుపుతూ ఉండకండి, పోగులను పళ్లతో తెంపకండి. మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆస్పత్రి ఖటోదరాకు దగ్గరే. షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది.

సాంచా మీంచి నాడె (షటిల్) ఎగిరి మూతికి తగిలి పన్ను కదిలితే ఆ రోజే చూపించాలి, తీగతో పక్క పళ్లకు కట్టి నిలబెట్టగలరు. ఊడి కిందపడితే వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీసి, పాలలో వేసుకుని గంటలోపు ఆస్పత్రికి చేరాలి. దవడ వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే షిఫ్టు అయ్యేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా వెళ్లండి.