సైకిలు సరిపోకపోతే తప్పు మీ ఒంటిదే

సైకిలు కొనబోయేవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని, ఇంట్లో టేపు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం. టేపు పట్టుకుని వచ్చినవాణ్ణి చూసి సంతోషించిన షాపువాడు ఇంతవరకు లేడు. అసలు దాని అవసరమేముంది? సీటు కింది గొట్టానికి స్టిక్కరు ఉంటుంది, దాని మీద అంకె ఉంటుంది. 54 అనో, 56 అనో. అంత పెద్ద ఫ్యాక్టరీ పెట్టి, ఇంజనీర్లకు జీతాలిచ్చి వేయించిన అంకె. దాన్ని శంకించడానికి మనమెవరం?

మీ అంకె ఎంతో తెలుసుకోవడం కూడా కష్టమేం కాదు. మీ ఆఫీసులో సైకిలు పిచ్చి పట్టినవాడు ఒకడు ఉండే ఉంటాడు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాకు తెరిచినప్పటి నుంచి ప్రతి ఆఫీసుకూ ఒకడు తయారయ్యాడు. వాడి పక్కన నిలబడండి. భుజాలు కలిశాయా? వాడు 54 తొక్కుతుంటే మీదీ 54. వాడిది ఏ కంపెనీ, మీరు కొనేది ఏ కంపెనీ అన్న చర్చ పెట్టకండి. వాడి కాళ్లు ఎంత, నడుము పైభాగం ఎంత అని అసలే చూడకండి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకడికి కాళ్లు పొడుగు, ఇంకొకడికి మొండెం పొడుగు ఉంటుందనేది దర్జీలు పుట్టించిన పుకారు.

కొందరు అతితెలివిగా "54 అంటే ఎక్కణ్ణుంచి ఎక్కడికండీ?" అని అడుగుతారు. ఈ ప్రశ్న షాపులో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. పాతరోజుల్లో దీనికి జవాబు ఉండేది: సీటు గొట్టం పొడవు. పెడళ్ల ఇరుసు నడిమధ్యన టేపు ఆనించి పైకి కొలిచేవాళ్లు. కింద ఎక్కడ మొదలుపెట్టాలన్న దానిమీద పేచీ లేదు. పైన ఎక్కడ ఆపాలన్న దగ్గరే ఎవరి లెక్క వాళ్లది. ఒకరు బారు వచ్చి గొట్టాన్ని కలిసేచోట బారు నడిమికి ఆపేస్తారు, ఇంకొకరు గొట్టం పైఅంచు దాకా పోతారు. ఇటలీ కొల్నాగో వాళ్ల పాత స్టీలు ఫ్రేములకు పైఅంచు లెక్క. అదే దేశంలో నడిమి లెక్క వాళ్లూ ఉన్నారు. రెంటికీ తేడా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు. అంటే దాదాపు ఒక సైజు. ఒకడి 54 పక్కవీధివాడికి 52 అన్నమాట. ఇదంతా ముందే తెలుసుకుంటే మనసు పాడవడం తప్ప లాభం లేదు. డబ్బు కట్టాక తెలిస్తే చాలు.

ఆ కాస్త అర్థం కూడా 1990ల్లో పోయింది. అప్పటిదాకా రోడ్డు సైకిలుకు బారు నేలకు సమాంతరంగా ఉండేది. మైక్ బరోస్ అని ఒక ఇంగ్లండు ఇంజనీరు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణం గెలిచిన లోటస్ సైకిలు వెనక ఉన్నది ఆయనే. ఆయన తైవాన్ కంపెనీ జయంట్‌కు టీసీఆర్ అనే రోడ్డు సైకిలు గీసిచ్చాడు, బారును సీటు వైపుకు బాగా వాల్చేశాడు. ఫ్రేము చిన్నదైంది, తేలికైంది, సీటు రాడ్డు పొడుగ్గా బయటికి వచ్చింది. పనిలో పనిగా, అరడజను పైచిలుకు సైజులు చేయాల్సిన చోట ఎస్, ఎమ్, ఎల్ అని మూడు అక్షరాలతో పని కానిచ్చారు. మిగిలిన తేడా సీటు రాడ్డుతోనూ, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్‌తోనూ మీరే సర్దుకోవాలి.

మరి అంకెలకు అలవాటు పడ్డ జనం సంగతి? దానికీ ఉపాయం ఉంది. బారు వాలకుండా ఉంటే ఎంత ఉండేదో ఊహించుకుని, ఆ ఊహకు 54 అని పేరు పెట్టారు. ఇప్పుడు 54 అని రాసిన ఫ్రేము మీద ఎంత కొలిచినా 54 సెంటీమీటర్ల ముక్క ఒక్కటీ దొరక్కపోవచ్చు. అందుకే టేపు వద్దంటున్నది.

అక్షరాల్లో ఈ చికాకు లేదు. ఎమ్ అంటే మధ్యరకం. మనందరం మధ్యరకం వాళ్లమే కాబట్టి అందరూ ఎమ్ కొనవచ్చు. నేరుగా కొనేవాళ్లకు అమ్మే జర్మనీ కంపెనీ కాన్యన్ కొలతలు కాస్త పెద్దవని సైకిలువాళ్లలో పేరుంది. వేరేచోట ఎమ్ తొక్కి అక్కడ ఎస్ తీసుకునేవాళ్లున్నారు. అలా దిగడం పరువు తక్కువ. ఎమ్ మీదే ఉండండి.

ఇక కంపెనీ వెబ్‌సైటులో జామెట్రీ అని ఒక పట్టిక ఉంటుంది, అడుగున, చిన్న అక్షరాల్లో. చూడకుండా దాటేయండి. అందులో స్టాక్, రీచ్ అని రెండు గడులుంటాయి. డాన్ ఎంప్‌ఫీల్డ్ అనే అమెరికా ట్రయథ్లాన్ సైకిళ్లాయన ప్రచారంలోకి తెచ్చిన గోల అది. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొన దాకా నిలువుగా ఎంత ఎత్తో అది స్టాక్, అడ్డంగా ఎంత దూరమో అది రీచ్. బారు వాలినా, గొట్టం పొట్టిదైనా ఈ రెండూ అబద్ధం చెప్పవు. మన పద్ధతికి అదే చిక్కు.

ఆ గడులు చూస్తే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. స్పెషలైజ్డ్ కంపెనీ టార్మాక్ ఎస్ఎల్7 లో 56 సైజు తీసుకోండి. స్టాక్ 56.5 సెంటీమీటర్లు, రీచ్ 39.5. ట్రెక్ కంపెనీ డొమానేలో, మూడో తరం మోడల్లో, అదే 56 తీసుకోండి. స్టాక్ 59.1, రీచ్ 37.7. రెండిటి మీదా 56 అనే ఉంటుంది, రెండూ అమెరికా కంపెనీలే. ఒకటి పందేనికి వంగి తొక్కేది, ఒకటి దూరాలకు కాస్త నిటారుగా కూర్చుని తొక్కేది. టార్మాక్ హ్యాండిల్ కింద వాషర్లలాంటి స్పేసర్లు పేర్చి డొమానే ఎత్తుకు తెద్దామంటారా? హ్యాండిల్ గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి సెంటీమీటరు పైకి లేపితే హ్యాండిల్ మూడు మిల్లీమీటర్లు మీవైపు వస్తుంది. 2.6 సెంటీమీటర్లు లేపితే రీచ్ ఏడెనిమిది మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంతే. ఎత్తు సమానమయ్యాక కూడా టార్మాక్ సెంటీమీటరు పైనే పొడుగు. సెంటీమీటరుదేముంది అనుకోండి. నలభై కిలోమీటర్లు దాటాక భుజాలు ఆ సంగతి ఎలాగూ చూసుకుంటాయి.

ఇన్ని తంటాలు లక్షలు పోసేవాళ్లకు. మన ఊళ్లో సైకిలు షాపుకు ఇదేమీ అక్కర్లేదు. ఇక్కడ మనిషిని చక్రంతో కొలుస్తారు.

"బాబుకెన్నేళ్లు సార్?"

"పది."

"అయితే 24 సరిపోద్ది."

"26 ఇవ్వవయ్యా, ఎలాగూ పెరుగుతాడు."

షాపాయన రెండోమాట మాట్లాడడు, 26 వెయ్యి రూపాయలు ఎక్కువ మరి. సీటు పూర్తిగా కిందికి దించి, పిల్లాణ్ణి చంకల కింద పట్టుకుని ఎక్కిస్తాడు. పిల్లాడి మునివేళ్లు కిందికి పోయిన పెడలు కోసం వెతుకుతుంటాయి, బ్రేకు అందక వేళ్లు చాచుకుని ఉంటాయి. "భలే ఉన్నావురా!" అంటాడు తండ్రి. వెనకటికి 28 అంగుళాల చక్రాలకు 22 అంగుళాలదో 24 అంగుళాలదో ఫ్రేము వేసిన హీరో, అట్లాస్, హెర్క్యులెస్ సైకిళ్లుండేవి. పిల్లలు బారు కింది సందులోంచి కాలు దూర్చి ఊరంతా తిరిగేవాళ్లు. ఆ కాలంలో కనీసం ఆ 22, 24 ఫ్రేము కొలతలు. ఇప్పుడు 26టీ, 27.5టీ, 29టీ అని బోర్డు మీద రాసేది టైరు కొలత. ఆ టైరు మధ్య ఉన్న ఫ్రేము ఎంతంటే, చాలా మోడళ్లలో ఒకటే సైజు, ఐదడుగుల మనిషికీ అదే, ఆరడుగుల మనిషికీ అదే. ఇది సమానత్వం. దీన్ని ప్రశ్నించకండి.

సీటు ఎత్తు విషయంలో మన దేశానికి స్థిరమైన సూత్రం ఒకటుంది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి, స్కూటరు మీద ఆనినట్టు. పెడలు అడుగుకు పోయినప్పుడు మోకాలు దాదాపు సాగి, కొద్దిగా మాత్రమే వంగి ఉండాలని, ఆగాల్సి వస్తే సీటు మీంచి ముందుకు దిగి నిలబడాలని చెప్పేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఫ్రాన్సు కోచ్ సిరిల్ గిమార్, ఆయన దగ్గర ఎదిగిన గ్రెగ్ లెమాండ్ ఒక లెక్క చెప్పేవాళ్లు: గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం గట్టిగా పైకి పట్టి, దాని పైఅంచు నుంచి నేలదాకా కొలవాలి. వచ్చినదాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం. కాలు 80 సెంటీమీటర్లుంటే 70.6. ఆ మాటకొస్తే అది కూడా మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే, బూటు మందం, పెడలు రకం బట్టి కాస్త మార్చుకోవాలి. అయినా కాళ్ల మధ్య పుస్తకం పెట్టుకుని గోడకు నిలబడ్డ మనిషిని ఇంట్లోవాళ్లు చూస్తే ఏమనుకుంటారు? సీటు దించుకోండి. మోకాళ్ల డాక్టర్లు కూడా బతకాలి.

ఆడవాళ్లకు సైజు అక్కర్లేదు. వాళ్లకు బారు లేని ఫ్రేము, ముందు బుట్ట, గులాబీ రంగు ఉంటే చాలు, దాన్నే లేడీస్ సైకిలంటారు. అందులో సైజులెన్ని అని అడిగితే, "చెప్పాను కదమ్మా, లేడీస్" అంటాడు షాపాయన. అయిదడుగులమ్మాయి మంచి రోడ్డు సైకిలే కొంటానని పట్టుబడితే మాత్రం కంపెనీలు ఏం చేస్తాయో చూడండి, ఇది నిజంగా గొప్ప కళ. ఫ్రేము చిన్నదవుతున్నా రోడ్డు సైకిలుకు వేసే 700సీ చక్రం మాత్రం చిన్నది కాదు. ముందు చక్రం దగ్గరికొస్తే మలుపులో బూటు కొన దానికి తగులుతుంది. అందుకని చాలాచోట్ల ముందు గొట్టాన్ని వాలుస్తారు, సీటు గొట్టాన్ని నిటారుగా లేపుతారు. కాగితం మీద బారు పొట్టిదైపోతుంది. కానీ సీటు గొట్టం ఒక డిగ్రీ లేస్తే సీటు సుమారు 1.2 సెంటీమీటర్లు ముందుకు పోయినట్టే. ఆమె తన కాళ్లకు తగ్గట్టు సీటును మళ్లీ వెనక్కి జరుపుకుంటే, పొట్టిదైన దూరం అంతా తిరిగొచ్చి కూర్చుంటుంది. చిన్న సైజు కొన్నామన్న తృప్తి మాత్రం ఆమెదే. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ కంపెనీ పెట్టి, చిన్న ఫ్రేములకు ముందు 24 అంగుళాల చక్రం వేసి ఈ ముడి విప్పింది. ముందొక సైజు, వెనకొక సైజు టైర్లా, చూడ్డానికేం బావుంటుంది! తప్పక తిరస్కరించండి.

ఇవన్నీ పాటించి కొన్నాక సైకిలు పెద్దదైందనిపిస్తే బెంగపడకండి. స్టెమ్‌ను పదకొండు సెంటీమీటర్లది తీసి నాలుగుది వేయించండి, సీటును పట్టాల చివరిదాకా ముందుకు నెట్టండి. హ్యాండిల్ తుమ్మితే తిరుగుతుంది, బరువంతా చేతుల మీదికొచ్చి అరచేతులు మొద్దుబారతాయి. ఓపిక పట్టండి, అలవాటవుతుంది. చిన్నదైతే సీటు రాడ్డు పైకి లాగండి. రాడ్డు మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది, ఇంతకంటే పైకి లేపొద్దని. అది భయస్తుల కోసం. గీత దాటాక లోపల మిగిలిన రెండంగుళాల ముక్క మీద మీ బరువంతా ఊగుతుంటే ఫ్రేము పైభాగం ఎక్కడ చీలుతుందో తెలుసుకునే అవకాశం అందరికీ రాదు.

డిస్కౌంటు ఉన్నప్పుడు ఈ పై సలహాలేవీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఏ సైజు మిగిలిపోతే అదే మీ సైజు. సాధారణంగా ఒక మూల 61 ఉంటుంది, ఒక మూల 47. నలభై శాతం తగ్గింపు ముందు వెన్నెముక ఎంత?

ఏడాది తర్వాత ఎలాగూ అమ్మాల్సి వస్తుంది. ప్రకటన ఇలా రాయండి: "చాలా తక్కువ వాడినది, షోరూం కండిషన్, 5.4 నుంచి 6.2 అడుగుల దాకా ఎవరికైనా సరిపోతుంది." ఫోటో ఎడమవైపు నుంచి తీస్తే స్టెమ్ ఎంత పొట్టిదో తెలిసిపోతుంది, ఎదురుగా నిలబడి తీయండి. కొనేవాడు ఫోన్ చేసి స్టాక్, రీచ్ అడిగితే సిగ్నల్ సరిగా లేదనండి. సైజు అడిగితే అంకె చెప్పండి, అది స్టిక్కరు మీద ఉంది కాబట్టి పాపం అంటదు. మరి ఎందుకు అమ్ముతున్నారని అడుగుతాడు. బదిలీ అయింది, ఊరు మారుతున్నామని చెప్పండి. మెడనొప్పి సంగతులు ఫోన్లో మాట్లాడేవి కావు.