సాలూరు సంత రేకుపెట్టె

నేను రేకుపెట్టెను. సాలూరు సంతలో పుట్టలేదు గానీ, బేరం కుదిరింది అక్కడే. మూతమీద గులాబీ బొమ్మ చూసి ఇంటావిడ ముచ్చటపడింది. కొండ కిందిదాకా జీపు, ఆపైన ఆవిడ నెత్తి. ఎన్నిచోట్ల ఆగి ఊపిరి తీసుకుందో, మా ఊరు నాకు అంత దూరం.

మాది కొటియా గుంపు. చుట్టూ తూర్పు కనుమలు, మధ్యలో గెడ్డలు. గెడ్డవార వరిమళ్లు, పైన మెట్టలో చోళ్లు, సామలు, పసుపు, అల్లం. ఇంట్లో మాట్లాడేది కువి. సంతకి దిగితే తెలుగు, పొట్టంగి ఆఫీసుకెళ్తే ఒడియా. ఈ ఇంటి గుంటడు మూడు భాషల్లోనూ అబద్ధమాడగలడు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడ్డప్పుడు విశాఖపట్నం జిల్లా నుంచి కోరాపుట్‌ను విడదీశారు. మా గుంపులో ధూళిభద్ర, ఎగువశెంబి, దిగువశెంబి లాంటి 21 ఊళ్లు సర్వే కాకుండా ఉండిపోయాయి. అవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ పట్టుబట్టాయి. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకెక్కింది. ఎక్కడివాళ్లు అక్కడే ఉండమంది కోర్టు. 2006లోనూ తేలలేదు. 2021 ఫిబ్రవరిలో మూడు పంచాయతీలకు ఆంధ్రా ఎన్నికలు పెడితే, కోర్టు ధిక్కారమని ఒడిశా మళ్లీ గుమ్మం తొక్కింది. ఇక సాలూరు సంగతి చూడండి: నన్ను కొన్నప్పుడు విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. సంత మాత్రం అక్కడే.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, కాగితాలన్నీ నా కడుపులోనే ఉన్నాయి. పురుగు పట్టకుండా మధ్యన రెండు పసుపుకొమ్ములు. ఎడమవైపు ఆంధ్రా ఓటరు కార్డు, రేషన్ కార్డు, కుడివైపు ఒడిశావి. ఎడమ కార్డులో ఇంటావిడ కుడి కార్డులోకంటే ఆరేళ్లు పెద్ద. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. రెండు ఫొటోల్లోనూ అదే ముక్కుపుడక, అదే బెదురు చూపు. రెండు రాష్ట్రాల బియ్యం వస్తాయి, దొంగతనమంటారు కొందరు. గుమ్మంలోకి వచ్చి పిలిచి ఇచ్చింది ఆ రెండు రాష్ట్రాలవాళ్లే కదా! పురిటినొప్పులొచ్చిన రాత్రి మాత్రం రెండు ప్రభుత్వాల్లో ఒక్కటీ రాలేదు. డోలీ కట్టింది పక్కింటివాళ్లు.

మనుషులకి రెండేసి లెక్కలున్నాయి. ఆవిడ దున్నే మెట్టకి ఒక్కటీ లేదు. నా అడుగున పట్టా కోసమని పరిచి ఉంచిన పాత న్యూస్‌పేపరు పసుపు రంగుకి తిరిగింది. దానిమీద ఏ కాగితమూ పడలేదు.

మొన్న ఒకాయన రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. అరుగుమీద కూర్చుని అంబలి తాగి, "ఇంట్లో ఎంతమందున్నారమ్మా?" అన్నాడు.

ఆవిడ వేళ్లు మడిచింది. విశాఖలో తాపీపనికెళ్లిన పెద్దోడి దగ్గర ఆగి, వాడినీ కలిపింది.

"కార్డు చూపించు."

నా గొళ్లెం కిర్రుమంది. ఆవిడ రెండు చేతులూ లోపల పెట్టి, తలెత్తి ఆయన వంక చూసింది.

"ఏది తియ్యమంటారు బాబూ?"