నర్సు లేకున్నా అత్యుత్తమమే

ఐసీయూ నర్సుల పని వాతావరణం ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చడానికి అమెరికాలోని క్రిటికల్ కేర్ నర్సుల సంఘం 2005లో ఆరు ప్రమాణాలు పెట్టింది: మాట తీరు, కలిసి పనిచేయడం, నిర్ణయాల్లో పాలు, సరిపడా సిబ్బంది, గుర్తింపు, నాయకత్వం. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. వాటిని కొలిచే పత్రంలో ఒక్కో ప్రమాణానికి మూడేసి చొప్పున 18 ప్రశ్నలు, జవాబుకు 1 నుంచి 5 మార్కులు. సగటు 4కు చేరితే అత్యుత్తమం! సిబ్బంది ప్రశ్నలకు నర్సులంతా 1 వేసి, తక్కిన అయిదింటికీ మొహమాటంతో 5 వేశారనుకోండి. సగటు 4.33. అంటే మనుషులు చాలని ఐసీయూకే అత్యుత్తమ పట్టం. ప్రమాణాలవారీగా విడి మార్కులూ ఇస్తారు కదా అంటారా? ఇస్తారు. సమీక్షా సమావేశంలో తెరకెక్కే అంకె ఏదో మాత్రం సర్కారు కొలువు చేసినవారినెవరినైనా అడగండి.

ఈ కొలబద్దను ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లోకి తెస్తే ఇంకా వింత. ఈ రెండు జిల్లాల్లో రోగి నోట కువి రావచ్చు, దేశియా రావచ్చు, గుణుపురం వైపైతే సవర, తెలుగు రావచ్చు. మాట తీరు ప్రశ్నలు సిబ్బంది తమలో తాము ఎలా మాట్లాడుకుంటారో అడుగుతాయి. గొట్టంలోంచి కఫం లాగుతూనే, పక్క మంచం దగ్గర కూస్తున్న మందుల పంపు మీద ఓ చెవి వేసి, తలుపు దగ్గరి తల్లికి వెంటిలేటరంటే ఏమిటో ఆమె భాషలో చెప్పే పనికి మార్కుల గడి లేదు. పత్రం మీద పేరు రాయనక్కర్లేదట. ఎనిమిది మంది ఉన్న యూనిట్‌లో వయసు, అనుభవం, కాంట్రాక్టా పర్మినెంటా అని కూడా అడిగితే ఇక పేరు రాస్తేనేం, రాయకపోతేనేం?

కొలవకుండా బాగుచేయలేమన్న వాదనలో నిజముంది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించి, నర్సుకు ఒక్కో రోగి పెరిగినకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. అదే ఐకెన్ 2011లో, వాతావరణం బాగాలేనిచోట నర్సుల్ని పెంచినా పెద్దగా ఫలితం కనిపించలేదని చూపింది. సర్వే పక్షం వారికి ఇది బ్రహ్మాస్త్రం. కానీ ఆ రెంటిలోనూ మొదట లెక్కపెట్టింది తలల్నే. తలలూ కావాలి, వాతావరణమూ కావాలి అని చెప్పిన పరిశోధనను తలలకు బదులు వాతావరణం అని చదువుకోవడం మన పాలకుల ప్రతిభ. గుర్తింపు పత్రం అచ్చుకు ఖర్చు తక్కువ, నర్సు పోస్టు మంజూరుకు ఎక్కువ. ఈ సర్వేల మోజుకు మూలం అక్కడుంది.

అరచేతి పుండుకు అద్దమెందుకు? ఐసీయూలో మంచానికో నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. రాత్రి డ్యూటీ చార్టు చూస్తే నిమిషంలో తేలే లెక్క అది. రాయగడ, జయపురం, గుణుపురం తెలుగువారికి ఒక మనవి: మీవాళ్లెవరైనా ఐసీయూలో చేరితే, ఈ రాత్రి ఎన్ని మంచాలకు ఎందరు నర్సులో తలుపు మీద రాసి పెట్టమని సూపరింటెండెంటును రాతపూర్వకంగా అడగండి.